ముందు ఊరు, తర్వాతే పరిచర్య

జూన్, జూలై నెలల్లో విజయనగరం, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుల్లో ట్రంకు పెట్టెలతో దిగేవాళ్లందరూ కాలేజీలో చేరడానికి వచ్చినవాళ్లే అయ్యుండరు. డిగ్రీయో బీటెక్కో పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కునే ముందు ఒక ఏడాది విద్యార్థుల మధ్య పరిచర్యకు ఇద్దామని వచ్చిన క్రైస్తవ యువతీయువకులూ వాళ్లలో కొందరుంటారు. ఇంటర్నులంటారు వీళ్లను. కాలేజీలు గాడిన పడి బైబిల్ స్టడీలు మొదలవడానికి ఇంకా కొన్ని వారాల సమయం ఉంటుంది. ఈలోగా గది చూసుకోవాలి, మెస్ కుదుర్చుకోవాలి, దారులు తెలుసుకోవాలి. ఈ వారాలన్నీ వృథా అయిపోతున్నాయని చాలామంది మథనపడతారు. నా మట్టుకు నాకు ఆ ఏడాదికి ఈ వారాలే పునాది అనిపిస్తుంది. ఊరి కష్టసుఖాలు తెలియనివాడు ఆ ఊరి విద్యార్థికి ఏం చెప్పినా అది పైపైనే ఉండిపోతుంది.

ఈ తీరంలో పరిచర్య మొదలైన తీరే అందుకు సాక్ష్యం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నం చేరి, ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు తోడయ్యాక సువార్తల అనువాదం ముందుకు సాగింది. ఆ పుస్తకం 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు దొరలూ బతికి లేరు. తర్వాత 1875లో కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు వచ్చారు. వాళ్లు మొదట వెళ్లింది సయాం దేశానికి, కరెన్ ప్రజల మధ్య పనిచేద్దామని. అక్కడ కుదరక తెలుగు తీరానికి మళ్లారు. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరాల్లో వాళ్ల పని వేళ్లూనుకుంది. హైదరాబాద్ అడిగితే శ్రీకాకుళం వేశారని మనసు కష్టపెట్టుకునే ఇంటర్ను ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విజయనగరం ఎప్పటినుంచో చదువుల ఊరు. 1857లో బడిగా మొదలైన మహారాజా విద్యాసంస్థ 1879లో కళాశాల అయింది. తండ్రి పోయి దిక్కుతోచని గురజాడ అప్పారావును ఆ కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి తన దగ్గరే ఉంచుకొని తిండీ వసతీ చూశారు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం వచ్చిన ఘంటసాల ఇదే ఊళ్లో జోలె పట్టి మధూకరం చేసుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు పైసా తీసుకోకుండా పాట నేర్పారు. ఏ తల్లి ఎన్ని ముద్దలు వేసిందో లెక్క ఎవరి దగ్గరా లేదు. ఊరుగాని ఊళ్లో పరాయి ఇంటి అన్నం తిని ఎదగడమంటే ఏమిటో ఈ వీధులకు తెలుసు. పెట్టడానికి వచ్చామనుకునే ఇంటర్నులు ముందు పుచ్చుకోవడం నేర్చుకోవాలి. పక్కింటి పెద్దావిడ గుమ్మంలో నిలబడి, ‘కూరేటి వండుకున్నావు నాయనా?’ అని అడిగితే, ఏమీ వండలేదని నిజం చెప్పి ఆవిడ ఇచ్చిన పులుసుగిన్నె అందుకోవడంలో నామోషీ లేదు.

శ్రీకాకుళం తీరు వేరు. రైల్లో ‘శ్రీకాకుళం రోడ్’కి టికెట్ కొన్నవాళ్లు దిగేది ఆమదాలవలసలో, అక్కడి నుంచి బస్సో ఆటోనో ఎక్కితే గాని ఏడు రోడ్ల కూడలి రాదు. పట్నం దాటితే ఎచ్చెర్ల. 2008లో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయమూ, 2016లో మొదలైన ట్రిపుల్ ఐటీ అక్కడే. ఈ షేర్ ఆటోల్లో చెవులొగ్గి కూర్చుంటే జిల్లా మొత్తం వినిపిస్తుంది. కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానం ప్రాంతపు పిల్లవాడి నాన్న వారంవారం డయాలసిస్‌కి వెళ్తుంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు కూలిన ఇల్లు ఇంకొకరిది. మరొక అమ్మాయి తండ్రి చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్తాడు. అలా వెళ్లిన ఈ జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గాని ఇళ్లు చేరలేదు. ఈ సంగతులేవీ తెలియకుండా ఆ పిల్లల ఎదుట కూర్చొని ‘చింతించకండి’ అని వాక్యం చెబితే, అది వాళ్ల గుండెకు ఎక్కడ తగులుతుంది?

గది వెతుక్కునే పని కూడా పాఠమే. అద్దెకడిగితే కులమేమిటని, ఆదివారం ఎక్కడికి వెళ్తావని ఆరా తీసే యజమానులు అన్ని పట్నాల్లాగే ఇక్కడా ఉన్నారు. ‘గది లేదు’ అనిపించుకుని వెనుదిరిగిన సాయంత్రం, మన్యం నుంచి, దళితవాడ నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలు రోజూ ఏం మోస్తున్నారో అర్థమవుతుంది. ఆ నొప్పిని కోపంగా మార్చుకోకుండా, వాళ్ల పక్కన నిలబడే ఓర్పుగా మార్చుకోవాలి. ఇక్కడి యాసను చూసి నవ్వే పాపానికి మాత్రం ఎన్నడూ ఒడిగట్టకూడదు. సినిమాలు ఆ పని చాలాకాలం చేశాయి. ఆ గాయంతోనే క్లాసులో నోరు విప్పని పిల్లలున్నారు.

ఇంకో మాట నిష్కర్షగా చెప్పాలి. ట్రిపుల్ ఐటీలో చేరేది పదో తరగతి పాసైన పిల్లలు. ఆరేళ్ల చదువు వాళ్లది. పదిహేను, పదహారేళ్ల వయసులో ఇంటి బెంగతో ఏడ్చే పిల్ల ఎవరు ఆప్యాయంగా పలకరించినా కరిగిపోతుంది. ఆ బలహీన ఘడియను వాడుకోకూడదు. ఫీజుకు సాయం చేసినా, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లినా దానికీ ప్రార్థన కూటానికీ ముడి పెట్టకూడదు. కాలేజీ నియమాలు దాటకూడదు. తల్లిదండ్రులకు తెలియని పని చేయకూడదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడ్డానికి ఊరూరూ కదిలి వస్తే, గౌరవంగా పక్కకు నిలబడి దారివ్వడం తెలియాలి. కూటానికి రాని పిల్లవాడి మీదా వచ్చే పిల్లవాడి మీదా ఒకే ప్రేమ ఉంటేనే అది క్రీస్తు ప్రేమ. ఈ నిగ్రహం పుస్తకాలతో రాదు. తాను కూడా ఆ ఊళ్లో ఒంటరిగా అన్నం తిన్న రోజులుంటేనే వస్తుంది.

అందుకే క్రైస్తవ విద్యార్థి సంఘాల పెద్దలకు నాదో విన్నపం. ఇంటర్నులను రెండు మూడు వారాలు ముందే పంపండి, ఆ వారాలకూ భత్యం ఇవ్వండి. ఎంతమందిని కలిశావని, ఎన్ని కూటాలు పెట్టావని అప్పుడే నివేదిక అడగకండి. ఎవరింట్లో భోంచేశావు, ఎవరి కష్టం విన్నావు అని అడగండి. స్థానిక సంఘాల పాస్టర్లు ఆ పిల్లలను వచ్చిన ఆదివారమే పాట పాడమనో, వాక్యం చెప్పమనో నిలబెట్టకుండా, వెనక వరుసలో కూర్చోనివ్వాలి. ఆరాధన అయ్యాక ఏదో ఒక కుటుంబం వాళ్లను భోజనానికి తీసుకెళ్లాలి. అలా ఆదరణ పొందినవాళ్లే ఆగస్టులో హాస్టల్ గేటు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ కొత్త విద్యార్థిని చూడగానే గుర్తుపట్టగలుగుతారు.