ఎముక నెరిగి పన్ను నాటవలెను

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా నేలను పరీక్షింపజేయును. పన్ను పోయినచోట దవడయెముకలో టైటానియం దంతమూలమును నాటుటకు ముందును అట్టి పరీక్షయే అవసరము. మెత్తని ఎముకలో తొందరపడి నాటిన మూలము కదలిపోయినచో, రోగి కూడబెట్టిన సొమ్ముతోపాటు నమ్మకమును పోవును.

మామూలు ఎక్స్‌రే ఎముక ఎత్తును చూపును గాని మందమును చూపజాలదు. సి.టి. స్కాన్ ఆ లోటును తీర్చును. 1979లో నోబెల్ బహుమతి నందిన హౌన్స్‌ఫీల్డ్ పేరిటి కొలమానములో సాంద్రతను సైతము తెలుపును. అయితే నేడు దంతవైద్యశాలలలో వాడుచున్న కోన్ బీమ్ యంత్రము కొలతలను చక్కగా చూపినను, దాని సాంద్రతాంకెలు అంత నమ్మదగినవి కావు.

కావున యంత్రమున్నదని అందరికి స్కాన్ తీయుటయు, ఖర్చని అవసరమైనవారికి మానుటయు తగవు. ఏల తీయుచున్నారో, ఏమి తేలినదో రోగికి తెలుగులోనో ఉర్దూలోనో విప్పిచెప్పుట వైద్యుని ధర్మమని మా అభిప్రాయము.