ఆ కుర్చీ ఏ ఇంటిదో రాసి పెట్టండి

పి.గన్నవరం చుట్టుపక్కల మండువా లోగిలి విప్పుతున్నారంటే చాలు, పాత సామాను కొనేవాళ్ల వ్యాను గుమ్మంలో ఉంటోంది. ద్వారబంధాలు, స్తంభాలు, ఆఖరికి తాతగారి చెక్కుడు పని చేతుల కుర్చీ. పట్నం కొట్టుకి చేరేసరికి అది ‘దొరల కుర్చీ’ అయిపోతుంది, లేదా ‘చెట్టినాడు కుర్చీ’. వడ్రంగంతో బతికినవాణ్ణి, ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

పాత కుర్చీని ముందు తిరగేసి చూడాలి. అడుగున బాడిస దెబ్బలు, అతుకుల్లో ఇనుప మరలకు బదులు చెక్క మేకులు, పేము అల్లికకి చేత్తో వేసిన ఎగుడుదిగుడు బెజ్జాలు. పైన చెక్కుడు ఈరోజు కూడా చేయించొచ్చు. అడుగున అంత శ్రమ ఎవరూ పడరు.

మొన్న బాగుకి వచ్చిన కుర్చీకి వీపున ద్రాక్షగుత్తులు, చేతుల చివర చిలకలు. కోనసీమలో ద్రాక్షతోట ఎవరు చూశారండీ? గుత్తులు దొరల నమూనావి, చిలకలు మన ద్వారబంధాలవి. ఇలా కలపడం కొత్తేం కాదు. 18వ శతాబ్దంలోనే విశాఖపట్నం పనివాళ్లు ఇంగ్లిషు తరహా కుర్చీలకి ఏనుగు దంతం తాపి, గీతలు చెక్కి, నల్ల లక్క నింపేవారు. అలాంటివి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పేరుతోనే ఉన్నాయి.

ఇక కలప. గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దిగిన మన్యం టేకా, ఓడలో వచ్చిన రంగూన్ టేకా అన్నది ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి. పాలిష్ చూసి చెప్పేస్తానన్నవాణ్ణి నేను నమ్మను.

ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మగారు రానంటే, ఆవిడ ఫొటోని కుర్చీలో ఉంచి గౌరవించారని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. సొంతింటి కుర్చీ ఎవరు చేశారంటే మాత్రం పెద్దలే నీళ్లు నములుతున్నారు.

1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి నూరేళ్లు నిండినది పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకి పంపకూడదు. వయసుకి రుజువే లేని కుర్చీని ఏ చట్టం ఆపుతుంది?

అమ్మొద్దని అనను, ఎవరి అవసరాలు వారివి. అమ్మేముందు ఇంటిపేరు, ఊరు, చేసిన వడ్రంగి పేరు తెలిస్తే అదీ కాగితం మీద రాయండి. ఫొటో జతచేసి ఒక ప్రతి కొన్నవాళ్లకి ఇవ్వండి, ఒకటి మీరు దాచుకోండి. పాత పాలిష్ మాత్రం గీకించకండి.