మెదడుకు పథ్యం

చెయ్యి విరిగితే కట్టు కడతారు. ఆ తెల్లని కట్టు చూడగానే బస్సులో ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. ఆఫీసులో కటువైన పైఅధికారి సైతం కాస్త మెత్తబడతాడు. జ్వరమొస్తే ధర్మామీటరు సాక్ష్యం చెబుతుంది. మెదడు అదిరినవాడికి మాత్రం, పాపం, ఏ సాక్ష్యమూ లేదు. కట్టు లేదు, కుట్టు లేదు. అద్దంలో చూసుకుంటే తనకే అనుమానం వేస్తుంది, నాకు నిజంగా ఏమైనా అయిందా అని!

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న సంగతి కాదు. తార్నాకలో రోడ్డు పక్కన నడుస్తూవుంటే, ఎదురుదారిన వచ్చిన మోటారుసైకిలొకటి నన్ను పడదోసి తన దారిన తాను పోయింది. తల వెనుకభాగం కాలిబాట రాతికి తగిలింది. స్కాన్ తీశారు. "ఎముక చిట్లలేదు, లోపల రక్తం కారలేదు. దీన్ని కంకషన్ అంటారు. కొన్నాళ్ళు జాగ్రత్తగా వుండండి" అన్నాడు డాక్టరు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

అసలు కథ ఆ తరువాత మొదలయింది. తార్నాక హారన్లు ఒక్కొక్కటీ నెత్తిన మొట్టినట్లుండేవి. ట్యూబులైటు వెలుతురు కళ్ళలో గుచ్చుకునేది. చదువుతున్న పంక్తి కిందికి జారిపోయేది. 1939లో ప్రారంభమైన మా ఆర్ట్స్ కాలేజీ రాతికట్టడం ఎంత అందమైనదో, దాని వసారాలు మాటలను అంత గట్టిగా మారుమోగిస్తాయి. పిల్లలు గుంపుగా వస్తే గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చేది. ఏళ్ళ తరబడి చెబుతున్న నన్నయ పద్యం ఒకనాడు క్లాసులో సగంలో ఆగిపోయింది. జ్ఞాపకమే పెట్టుబడిగా బతికేవాడికి అంతకన్న భయమేముంటుంది?

తలనొప్పి, కళ్ళు తిరగడం, మరుపు, విసుగు, నిద్ర చెడడం అని వైద్యులు పెద్ద పట్టీ చెబుతారు. మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చారు: "తల దిమ్ముగా వుంది." ఇంతకన్న సరయిన మాట నాకు దొరకలేదు.

మరి స్కాన్‌లో ఏమీ కనిపించదేం? స్కాన్ చూపేది విరుగుడునూ రక్తస్రావాన్నీ. కంకషన్‌లో చెడేది నడవడిక. కపాలంలో తేలుతూవుండే మెదడు ఒక్క ఊపుకు అదిరిపోతుంది. నరాల కణాలలో లవణాల తూకం తప్పుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి కణాలకు ఎక్కువ శక్తి కావాలి. సరిగా అప్పుడే మెదడుకు రక్తప్రసారం తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోసేసినట్లన్నమాట.

కనిపించని దానిని లోకం నమ్మదు. "ఏం గాలేదు గద సార్, దెబ్బ గూడ కనవడ్తలేదు" అన్నాడు మా అటెండరు, నన్ను సంతోషపెడదామనే. ఇది నాబోటివాడి గతే కాదు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా ఆటలో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు బంతి తగిలింది. ఆ తరువాత కూడా అతడు బ్యాటింగు చేశాడు. విరామంలో అతని బదులు చాహల్‌ను దింపితే, ఆస్ట్రేలియా కోచ్ లాంగర్ రిఫరీతో వాదానికి దిగాడు. కంకషన్ లక్షణాలు కొంతసేపటికి కూడా బయటపడవచ్చునని తెలిసే, 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో బదులు ఆటగాణ్ణి అనుమతిస్తున్నారు. నిబంధనల పుస్తకంలో చోటు దొరికినంత సులభంగా మనుషుల మనసులో దొరకదు.

సలహాలకు కొదవలేదు. "చీకటిగదిలో కదలకుండా పడుకో" అని ఒకరు. "పనిలో పడితే అదే పోతుంది" అని మరొకరు. మా పక్కింటి పెద్దమ్మ ఒక్కర్తే అసలు మాట చెప్పింది. "విషజ్వరం పోయినంక మొదటి దినమే మాంసం కూర పెడ్తరా బిడ్డా? ముందుగాల గంజి, మర్నాడు రెండు మెతుకులు చారుతోని. తలకాయకు గూడ అట్లనే పథ్యముంటది."

పెద్దమ్మ మాటకు పండితులు ముద్ర వేశారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కంకషన్ నిపుణులు సమావేశమయి, క్రీడాకారులకోసం చేసిన నిర్ణయాలు మరుసటి ఏడు ప్రచురించారు. పూర్తిగా పడకేయడం మేలు చేయదు. మొదటి ఒకటి రెండు రోజులు పని తగ్గించి, సెల్‌ఫోను తెర తగ్గించి, ఆపైన మెల్లగా నడక మొదలుపెట్టి, తల ఓర్చుకున్నకొద్దీ పెంచుకుంటూ పోవాలన్నారు. లంఘనమూ కాదు, విందూ కాదు, పథ్యం.

డాక్టరు నడిగి నేనూ అదే పట్టాను. చదువు పది నిమిషాలు, విరామం పది నిమిషాలు. తల బరువెక్కక ముందే పుస్తకం మూయడం. ఉదయం ఎండ ముదరకముందు యూనివర్సిటీ చెట్లకింద నడక. మొదట వీధి చివరిదాకా, వారాలు గడిచినకొద్దీ ఆర్ట్స్ కాలేజీ మెట్లదాకా. రోజుకొక్క క్లాసు, తరువాత రెండు. ఒకనాడు హాయిగా వుంటుంది, మరునాడు మళ్ళీ దిమ్ము. అది వెనక్కి పోవడం కాదని నిబ్బరం చెప్పుకోవాలి. చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది; కొందరికి నెలలు పడుతుంది. నాకు నాలుగో నెలలో పద్యం తిరిగి వచ్చింది. హారన్లతో మాత్రం ఇంకా పూర్తిగా రాజీ కుదరలేదు.

రెండు హెచ్చరికలు. నయం కాకముందే మరో దెబ్బ తగలడం ప్రమాదం. 2021 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో సాధన చేస్తూండగా మన హైదరాబాదు సిరాజ్ వేసిన బంతి మయాంక్ అగర్వాల్ హెల్మెట్‌కు తగిలితే, అతన్ని మొదటి టెస్టుకు పక్కనపెట్టింది అందుకే. రెండవది: దెబ్బ తగిలాక పదేపదే వాంతులయినా, తలనొప్పి అంతకంతకు పెరిగినా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవనంత మగత కమ్మినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, పథ్యాల మాట కట్టిపెట్టి ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇక మిగిలింది చుట్టూ వున్నవాళ్ళ పని. మీ ఇంట్లోనో, క్లాసులోనో, ఆఫీసులోనో ఎవరయినా "తల ఇంకా కుదుటపడలేదండీ" అంటే, దెబ్బ ఎక్కడ అని వెతకకండి. రేడియో గొంతు కాస్త తగ్గించండి. చెప్పిన మాట మళ్ళీ చెప్పవలసి వస్తే విసుగుకోకుండా చెప్పండి. రోగి తన పథ్యం తాను చేసుకోగలడు. నమ్మకమనే గంజి మాత్రం ఇతరులే కాచి పొయ్యాలి.