రాత్రి ఎంత తిన్నా, పొద్దున టిఫిన్ తినాల్సిందే

నవంబరు వస్తే మా అరకు ఇన్‌స్టా నిండా ఉంటుంది. వలిసె పూల పసుపు, పొగమంచు, బొంగు చికెన్. ఆ రీల్స్ తీసేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ వారం చెప్పేది మాత్రం రీల్‌కి పనికొచ్చే సంగతి కాదు. రాత్రి పన్నెండున్నరకి, లైటు వేయకుండా, వంటింట్లో నిలబడి తిన్న తిండి గురించి.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నప్పుడే మొదలైంది. పగలంతా కాఫీ మీదే నడిపేవాణ్ని. రాత్రి క్లయింట్ కాల్ అయ్యాక యాప్ తెరిచి ముగ్గురికి సరిపడా బిర్యానీ, దాని మీద కేకు, చిప్స్. డెలివరీ అబ్బాయికి అనుమానం రాకూడదని, లోపల ఫ్రెండ్స్ ఉన్నట్టు "వచ్చేసిందిరా" అని ఖాళీ రూమ్‌లోకి అరిచిన రోజులున్నాయి. ఆకలి తీరిపోయినా చెయ్యి ఆగదు. కాసేపయ్యాక రుచి కూడా తెలియదు. కడుపు నొప్పి పుట్టాకే ఆగేది. కవర్లన్నీ మూటగట్టి పక్క వీధి చెత్తకుండీలో పడేసొచ్చి, "రేపట్నించి స్ట్రిక్ట్" అనుకుంటూ పడుకోవడం.

వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకగానే అరకు దగ్గర మా ఊరొచ్చేశా. ఆర్డర్ తెచ్చిపెట్టే యాప్ లేని ఊరు. ఇక దానంతటదే పోతుందనుకున్నా. రెండు వారాలు కూడా పట్టలేదు. ఒక రాత్రి గిన్నెలో మిగిలిన చల్లన్నం, ఆవకాయ, డబ్బాలో జంతికలు, చివరికి కాఫీకని ఉంచిన పంచదార. పొద్దున్నే అమ్మ "ఏట్రా, అన్నం ఏటైపోనాది? పిల్లి గానీ దూరిందేటి?" అంది. అవునన్నాను. పిల్లి మీదకి నెట్టేశా. ఇప్పుడు చెప్తే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు అమ్మ మొహం చూళ్లేకపోయాను.

దీనికో పేరుందని చాలా ఆలస్యంగా తెలిసింది. బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1959లోనే దీని గురించి రాశాడు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో విడిగా ఒక జబ్బుగా చేర్చారు. పెళ్లి భోజనంలో రెండు పూర్ణాలు ఎక్కువ తినడం ఇందులోకి రాదు. తక్కువ టైమ్‌లో మామూలు మనిషి తిననంత తినడం, ఆపలేకపోవడం, ఇది వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలు సాగడం - ఇదీ లెక్క. గబగబా తినడం, ఆకలి లేకుండా తినడం, సిగ్గుతో చాటుగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం వేయడం లాంటివి తోడవుతాయి. తిన్నది కక్కేయడం ఉండదు. అమ్మాయిలకే వస్తుందన్నది కూడా తప్పు, మగాళ్లలోనూ బాగానే ఉంది. మనం చెప్పుకోం, అంతే.

నేను చెప్పుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా కొండల్లో తిండి సమస్య అంటే తిండి చాలకపోవడమే. రక్తహీనత, బరువు తక్కువ పిల్లలు, అంగన్‌వాడీలో గుడ్డు కోసం ఎదురుచూపులు. సంత రోజు తెల్లారకముందే నెత్తిన మూటతో కొండ దిగొచ్చే వాళ్లని చూస్తూ, "నాకు తిండి ఎక్కువైపోయే జబ్బు" అని ఏ నోటితో చెప్పను? తర్వాత తెలిసిందేంటంటే, ఇంట్లో తిండి ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో తెలియని కుటుంబాల్లో కూడా ఈ జబ్బు కనిపిస్తుందని అమెరికాలో పరిశోధకులు గమనించారు. ఒళ్లు బలిసి వచ్చే రోగం కాదన్నమాట.

విశాఖ ఇక్కడికి 115 కిలోమీటర్లు. మొదటిసారి వెళ్లి సైకియాట్రిస్ట్‌ని కలిశాను. షుగర్, థైరాయిడ్ పరీక్షలు, డిప్రెషన్ గురించి బోలెడు ప్రశ్నలు. ఆ తర్వాత వారం వారం థెరపిస్ట్‌తో వీడియో కాల్. వానొస్తే సిగ్నల్ పోయేది, మేడెక్కి గొడుగు పట్టుకుని మాట్లాడిన సెషన్లు కూడా ఉన్నాయి. ఈ థెరపీని సీబీటీ అంటారు. మామూలుగా 20 సెషన్లు.

మొదటి పని డైరీ. క్యాలరీలు కాదు. ఎన్నింటికి, ఎక్కడ, ఏం తిన్నాను, చెయ్యి దాటిపోయిందా, దానికి ముందు ఏం జరిగింది. అచ్చం లాగ్ ఫైలే. పది రోజుల లాగ్ చూడగానే విషయం కనపడింది. ఫాస్టింగ్ యాప్ పెట్టుకుని సాయంత్రం నాలుగు దాకా ఏమీ తినని రోజులే, రాత్రి వంటింట్లో తేలిన రోజులు! నాకు నోరు కట్టుకోవడం చేతకాదని పదేళ్లుగా తిట్టుకుంటున్నా. అసలు కట్టేస్తున్నందుకే తెగుతోంది.

1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఇష్టపడి ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి దాదాపు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టాడు. ఎప్పుడూ తిండి ధ్యాసే వాళ్లకి. మళ్లీ తిండి పెట్టాక కొందరు పొట్ట పగిలేలా తిని కూడా ఇంకా ఆకలే అన్నారు. వాళ్లకి విల్ పవర్ లేదందామా?

అందుకే న్యూట్రిషన్ కౌన్సెలర్ పెట్టిన మొదటి రూల్ విని నాకు చిరాకేసింది. రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున టిఫిన్ తినాలి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి గ్యాప్ ఉండకూడదు. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి. నేనేమో క్వినోవా, గ్రీక్ యోగర్ట్ లిస్టు ఇస్తారనుకున్నా. ఆవిడ "మీ ఇంట్లో ఏముంటాయి?" అని అడిగారు. చోడి అంబలి, సామలు, సంతలో రాజ్‌మా, చిలగడదుంప. సరిపోయింది. తినకూడనివి అంటూ లిస్టే లేదు. పైగా నాకు భయమైన తిండిని కావాలనే, పగటిపూట, మనుషుల మధ్య తినమన్నారు. కేకుతో మొదలుపెట్టడానికి నాకు నెల పట్టింది.

ఇది బరువు తగ్గించే ట్రీట్‌మెంట్ కాదు, ముందే చెప్తున్నా. థెరపీతో దాదాపు సగం మందికి బింజ్ ఆగిపోతుందని అధ్యయనాలు చెప్తాయి, బరువు మాత్రం పెద్దగా మారదు. నాదీ మారలేదు. ఇది జీర్ణించుకోవడం చల్లన్నం కంటే కష్టమైంది.

విశాఖ దాకా వెళ్లలేకపోతే, డబ్బుల్లేకపోతే, టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిదే, ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. అన్నిటికంటే కష్టం మొదటి వాక్యం. నేను "అదీ... తిండి గురించి" అని ఆగిపోయాను. మిగతాది వాళ్లే అడిగారు.

పోయిన నెల ఒక రిలీజ్ రాత్రి మళ్లీ జరిగింది. మిక్చర్ ప్యాకెట్లు, నాలుగు. పొద్దున్నే లాగ్ రాసి, వంటింట్లోకి వెళ్లి "అమ్మా, ఆ మిక్చర్ తిన్నది పిల్లి కాదు, నేనే" అన్నాను. అమ్మ కాసేపు నన్ను చూసి, "నాకు తెల్దేటి" అంది. అంబలి గ్లాసు నా ముందు పెట్టి తన పనిలో పడిపోయింది. తాగేశాను.