తెలుసుకోదగిన విషయాలు: తుడిచే ముందు చూడండి

మా ధర్మపురి సంఘపు గదిలో ఒక మూల పాత కంప్యూటరు ఒకటి రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. సభ్యుల జాబితా, సంచికల ప్రతులు, పెద్దలు తెలుగులో వ్రాసిన జాబుల ఛాయాప్రతులు అన్నీ అందులోనే. దానిని నడిపేది లినక్సు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థ ఉచితంగా దొరుకుతుంది గనుక మావంటి చిన్న సంఘాలకు ఎంతో అనుకూలం.

పోయిన నెలలో అది చోటు లేదని మొరాయించింది. సాయం చేయవచ్చిన కుర్రవాడు, "కనబడేవాటిలో ఈ ఛాయాప్రతుల ఫోల్డరే పెద్దది గదండీ, తీసేస్తాను" అన్నాడు. మా గుండె ఝల్లుమన్నది. ఆ జాబులు వ్రాసినవారిలో కొందరు నేడు లేరు. "ఆగు నాయనా, ముందు చూద్దాము" అన్నాము.

చూడడానికి మూడు ఆజ్ఞలు చాలు. డి, ఎఫ్ అని కొట్టి, కొంచెం ఎడం విడిచి, అడ్డగీత, హెచ్ చేర్చి ఎంటరు నొక్కితే ఏ డిస్కు ఎంత నిండిందో తెలుస్తుంది. డి, యు అని కొట్టి, ఎడం విడిచి, అడ్డగీత, ఎస్, హెచ్ చేర్చి ఫోల్డరు పేరు వ్రాస్తే, అది ఎంత చోటు తిన్నదో చెబుతుంది. టెయిల్ అని కొట్టి ఫైలు పేరు వ్రాస్తే దాని చివరి పది వరుసలు చూపుతుంది.

అలా చూడగా, యంత్రము తన దినచర్య వ్రాసుకొనే లాగ్ ఫోల్డరులో ఒకే ఫైలు కొండలా పెరిగి ఉన్నది. వరుస వరుసకూ ఒకటే ఫిర్యాదు: ఎప్పుడో తీసివేసిన ప్రింటరు కనబడలేదని! ఆ అమరికను సరిచేశాము. పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు కుదించి, కాలం చెల్లినవి తీసివేసే పనిని లాగ్‌రొటేట్‌కు అప్పగించాము. జాబులు క్షేమం.

ఒక హెచ్చరిక. ఆర్, ఎమ్ అనే ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు. తుడిచినది తిరిగి రాదనే తలచవలెను. తుడవదలచిన పేర్లను మొదట ఎల్, ఎస్ ఆజ్ఞతో చూచి, ఆపైననే తుడవండి. ప్రతి తీయడానికి ఆర్‌సింక్ ఉన్నది. దానికి అడ్డగీత, ఎన్, వి చేర్చితే ఏమి చేయబోతున్నదో చెబుతుందేగాని చేయదు. మేమిప్పుడు వారానికొక ప్రతి వేరే డిస్కులోకి తీసి, కృష్ణగిరిలో ఒక సభ్యుని ఇంట ఉంచుతున్నాము.

బడిలో తమిళం చదివే మన పిల్లలు రేపు తెలుగు అక్షరాలు నేర్చి తాతగారి జాబు చదవగోరితే, ఆ జాబు ఉండాలి గదా! మీ ఇంటి కంప్యూటరులో అటువంటివి ఉంటే, ఈ ఆదివారమే ఒక ప్రతి తీసిపెట్టండి.