పాత ఫియట్ కొనేముందు

మన కరీంనగర్, ఆదిలాబాద్ యువకుల్లో కొందరికి పాత ఫియట్ మీద మనసు పడింది. ఇటలీ వాళ్ల డిజైన్, బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజిను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. ఆ ముచ్చట తప్పు కాదని మేమంటాం. పెయింటు చూసి పైసలిచ్చేయడమే తప్పు.

మెరుపుదేముంది, వారంలో తెప్పించొచ్చు. మ్యాటు ఎత్తి ఫ్లోరు చూడండి, డోర్ల అడుగున తుప్పు తడిమి చూడండి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయమనండి; ముందే వేడి చేసి పెడితే లోపం బయటపడదు. రామగుండం, మంచిర్యాల ఎండకు రేడియేటర్ తట్టుకుంటుందా అన్నది మిట్టమధ్యాహ్నం నడిపితేనే తెలుస్తుంది.

నంబరు ఏపీ 15 అయినా ఏపీ 01 అయినా, ఆర్సీలోని ఛాసిస్ నంబరు బండి మీదున్నదానితో కలవాలి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు 5 ఏళ్లకోసారి రెన్యువల్ ఉండాలి; అది లేని బండి ఎంత అగ్గువకు వచ్చినా వద్దు. ఇన్నేళ్ల సర్వీసు బిల్లులు దాచిన పెద్దమనిషి పదివేలు ఎక్కువడిగినా మేమైతే ఇవ్వమనే చెప్తాం.

కానీ పద్మిని తయారీ ఆగి 20 ఏళ్లు దాటింది, విడిభాగాలు వెతుక్కోవాలి. పిల్లల ఫీజు కోసం వేసిన చిట్టీ ఎత్తి కొనేటట్టయితే మాత్రం, ఈ ఏడు ఆగండి.