అచ్చు ఖర్చు దాచం: బుల్లి రైళ్లు చేసేవాళ్ల ప్రణాళిక

మన రైలింజన్లను 87వ వంతుకు కుదించి, మనలాగే రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్ల కోసం చేసే తయారీదారులం మేము. మేమంతా కట్టుబడిన మాట ఒక్కటే: ఏ నమూనానూ అసలు ఖర్చు కన్నా తక్కువకు ఇవ్వం, ఆ ఖర్చు ఎలా వచ్చిందో దాచం. తోటివాళ్ల దగ్గర లెక్కలేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ చవగ్గా ఇచ్చి ఇచ్చి అలసిపోయినవాడు పని మానేస్తే ఆ ఇంజను ఇక ఎవరికీ దొరకదు. ఆ చవక ధరే అలవాటైన చోట, కొత్తగా దిగినవాడు తన కష్టానికి డబ్బు అడగలేడు.

డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను పొడవు 17 మీటర్ల పైచిలుకు. మా బల్ల మీద అది 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ముందు ఒక మాస్టర్, అంటే మూల నమూనా, చేసి, దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తాం. ఆ అచ్చులో రెజిన్ పోస్తాం. కొన్ని పదుల పోతలకే ఆ అచ్చు అంచులు చిరుగుతాయి, జాలీ గీతలు మొద్దుబారతాయి. కిటికీ మూలలో ఒక్క గాలిబుడగ చిక్కితే ఆ ముక్క చెత్తబుట్టకే. ఇక హ్యాండ్‌రెయిళ్లు. ఇంత సన్నగా రెజిన్‌తో పోస్తే వేలు తగిలినా విరుగుతాయి. అందుకే 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను పట్టకారుతో వంచి, సూదిమొనంత రంధ్రాల్లో ఒక్కొక్కటే దించాలి. మొదటి ఇంజనుకు పట్టిన ఓపికే పదోదానికీ పడుతుంది. రెజిన్ ధర చూసి మా ధర కట్టేవాళ్ల లెక్కలో ఈ గంటలు లేవు.

త్రీడీ ప్రింటర్ వచ్చాక ఇదంతా ఎందుకంటారు. ప్రింటర్ మేమూ వాడతాం. అయితే కొలతలు సేకరించడం, ప్రింటు పొరల గీతలు పోయేదాకా ఎమరీ కాగితంతో రుద్దడం, రంగు వేయడం మనిషికే మిగిలాయి. పోనీ ఫ్యాక్టరీలో చేయిద్దామంటే, ఉక్కు డైలకు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే వేలల్లో కొనేవాళ్లుండాలి. గుత్తి షెడ్డు ఇంజనుకూ కాజీపేట షెడ్డు ఇంజనుకూ తేడా చూసి మురిసేవాళ్లు అంతమంది లేరు. ఆ కొద్దిమంది కళ్లు రంగు పట్టీ దగ్గర ఆగి, సరిగ్గా వచ్చిందని అనడమే మా ప్రతిఫలం. అది గొప్ప ప్రతిఫలమే. కానీ రెజిన్ దుకాణంలో చెల్లదు.

విద్యార్థులు కొనలేరన్న అభ్యంతరం మాత్రం బరువైనది. దానికి జవాబు ధర తగ్గించడం కాదు. రంగు వేయని విడిభాగాలు తక్కువ ధరకు ఇస్తాం, కొలతల డ్రాయింగులు ఉచితంగా ఇస్తాం, అచ్చు తీయడం నేర్పుతాం. ఖర్చు దాచనట్టే, కొలతల్లో రాజీపడిన చోటు కూడా దాచకుండా పెట్టె మీదే రాస్తాం. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 87వ వంతంటే 19 మిల్లీమీటర్ల పైమాటే. మార్కెట్లో దొరికే నమూనా పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే కాబట్టి మా చక్రాలూ ఆ ఇరుకులోనే నడుస్తాయి. తోటివాడు అమ్మిన ముక్కకు అచ్చు తీసి మా పేరుతో అమ్మం. ఎవరైనా తయారీ ఆపేస్తే మాస్టర్‌ను అటకెక్కించకుండా, ఖర్చుల పుస్తకంతో సహా, అడిగిన తయారీదారుకు అప్పగించాలి.